కాళ్ళు చూపించనిదే బుట్టలో వేయడు

మా మామయ్య మనుషుల ముఖాలు చూడడు, పాదాలు చూస్తాడు. చెప్పుల కొట్టు నడిపేవాడికి ఆ మాత్రం చూపు ఉండాలి కదా అని మీరనవచ్చు. ఉండాలి, కొట్లో ఉన్నంతసేపు. వీధిలో నేను ఎదురైనా నేల చూసి, "ఏరా, మడమ మీద బరువు వేస్తున్నావు" అని దాటిపోయే మనిషిని మా మామయ్య అని నలుగురిలో చెప్పుకోవడానికి నాకు చాలా ధైర్యం కావలసివచ్చింది.

ఒకసారి ఒక పెద్దమనిషి ఖరీదైన బూట్లు తొడుక్కుని, మామయ్య ఇంకో జత తేవడానికి లోపలికి వెళ్ళగానే అటునుంచి అటే పారిపోయాడు. పోలీసు వచ్చి ఆనవాళ్ళు అడిగాడు.

"ఎత్తు ఎంతుంటాడు?"

"చూళ్ళేదండీ."

"మీసం ఉందా?"

"ఏమో. కుడికాలి చిటికెనవేలు పక్క వేలి మీదకి ఎక్కి ఉంటుంది. ఆ బూట్లు అతనికి బిగుతు, సాయంత్రానికి బొబ్బలొస్తాయి. దొరికితే ఓసారి నా దగ్గరికి పంపండి, మార్చి ఇస్తాను."

దొంగ దొరకలేదు. ఊరందరి చేతా సాక్సు విప్పించే ఓపిక పోలీసులకు లేకపోయింది.

మామయ్యకు మాత్రం ఆ ఓపిక ఉంది. ఆయన కొట్లో ఎంతటివాడైనా ముందు స్టూలు మీద కూర్చోవాలి, సాక్సు విప్పాలి, లేచి గుమ్మం దాకా నడిచి వెనక్కి రావాలి. ఆ తర్వాత మామయ్య లోపలి గదిలోకి వెళ్ళి పది నిమిషాలు మాయమవుతాడు. చివరికి తనే మోకాళ్ళ మీద కూర్చుని తొడుగుతాడు.

"ఎనిమిదో నంబరు నల్లవి ఇవ్వండి చాలు, నాకు మీటింగుంది" అన్నాడొక ఆఫీసరు.

"సాక్సు విప్పండి."

"నా నంబరు నాకు తెలుసండీ."

"మీకు తెలిసింది నంబరే. పాదం సంగతి నాకు తెలియాలి."

ఆఫీసరు ఎదురుగా కొత్తగా వెలసిన షోరూములోకి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే సగం ఊరూ వెళ్ళింది.

అప్పుడు మా అత్తయ్య రంగంలోకి దిగింది. కొట్టున్న గది ఆవిడ పుట్టింటివారు ఆవిడ పేర రాసినది. "ఆరు నెలలు చూస్తాను. కొట్టు వెబ్‌సైటు బాగుచేయించి చెప్పులు ఇంటర్నెట్లో అమ్మండి. అమ్మకం కనబడకపోతే గది ఎదురు షోరూము వాళ్ళకి గోడౌనుకిచ్చేస్తాను. మీరు ఇంట్లో కూర్చుని నా కాళ్ళు చూసుకుందురుగాని" అంది.

సైటు అప్పటికే ఒకటుంది. పదేళ్ళ కిందటిది. అందులో కొట్టు ఫోటో ఒక్కటే ఉంది, అదీ షట్టరు వేసి ఉన్నప్పుడు తీసినది. ఫోను నంబరులో చివరి అంకె తప్పు. చెప్పులు కావాలని చేసినవాళ్ళకి ఒక పళ్ళ డాక్టరు పలికి, "నేను చూసేది పైభాగమండీ" అని ఓపిగ్గా పెట్టేసేవాడు.

కొత్త సైటుకి ఒక అమ్మాయిని నేనే కుదిర్చాను. మామయ్య ఆమె పేరడగలేదు. "చదును పాదాలు. నిలబడకు, కూర్చో" అన్నాడు. మాకందరికీ ఆమె సైటమ్మాయి అయిపోయింది.

"అంకుల్, బొమ్మ కింద నంబరు ఎంచుకుంటారు. ఈ బటను నొక్కితే బుట్టలో పడుతుంది. డబ్బు కట్టేస్తే పని అయిపోయినట్టే."

"మరి కాళ్ళు ఎప్పుడు చూపిస్తారు?"

"చూపించరు."

"చూడకుండా ఎలా అమ్మేది?"

"అందరూ అలాగే అమ్ముతున్నారంకుల్."

"అందుకే అందరూ కుంటుతున్నారు."

వారం రోజుల యుద్ధం తర్వాత, బుట్టకి ముందు ఒక పేజీ వెలిసింది. అందులో సాక్సు లేకుండా, తెల్లకాగితం మీద నిలబడి, మూడు వైపుల నుంచీ పాదాల ఫోటోలు తీసి పంపాలి. మొదటి నెలలో రెండు వందలమంది సైటు చూశారు. ఒక్కడంటే ఒక్కడు ఫోటోలు పంపాడు. మామయ్య అతనికి ఫోను చేసి, గోళ్ళు తీసుకుని మళ్ళీ పంపమన్నాడు.

"ఇది చెప్పుల దుకాణమా, ఆసుపత్రా?" అంది అత్తయ్య.

అలా నాలుగు నెలలు గడిచాక ఆవిడే ఆ పేజీ తీయించేసి, సరుకంతా లెక్కచూసి సైటులో పెట్టమంది. సైటమ్మాయి అటక ఎక్కి అక్కణ్ణుంచే కేకేసింది.

"ఆంటీ, ఇక్కడ రెండు వందల పెట్టెలున్నాయి. ఒక్క దాంట్లోనూ జత కుదర్లేదు. ఎడమది ఎనిమిదైతే కుడిది ఏడు. ఇంకోదాంట్లో ఎడమది ఆరు, కుడిది ఐదు."

"ముప్పయ్యేళ్ళు చెప్పులమ్మి, జత కలిపి పెట్టడం కూడా రాలేదు ఈయనకి" అంది అత్తయ్య. మామయ్య తెలివి మీద నా అంచనా ఇంత గట్టిగా రుజువవుతుందని నేనూ అనుకోలేదు.

"వాటిని కదపకండి. వాటి మనుషులు వస్తారు" అన్నాడు మామయ్య.



పారేసే ముందు చవగ్గా పెట్టి చూద్దామని సైటమ్మాయి ఆ పెట్టెలను ఉన్నవున్నట్టే, ఎడమ నంబరు వేరుగా, కుడి నంబరు వేరుగా రాసి ఎక్కించింది. రెండో వారం నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి, అన్నీ ఆ పెట్టెలకే. ఇన్నాళ్ళూ రెండు జతలు కొని ఒక్కొక్కటి పారేస్తున్నానని ఒకాయన రాశాడు. ఒకావిడ ఒకేసారి నాలుగు పెట్టెలు తీసుకుంది.

తర్వాత ఒక నర్సు ఫోను చేసింది. అత్తయ్య స్పీకరు పెట్టింది.

"ఇరవయ్యేళ్ళు మీ కొట్లోనే కొన్నానండీ. బదిలీ మీద ఇక్కడికొచ్చాక ఏ బూటు వేసినా కుడికాలు నొక్కేస్తోంది. డాక్టరు కొలిచి, పుట్టుకతోనే కుడి పాదం ఒక నంబరు పెద్దదన్నాడు. మరి మీ బూట్లెలా సరిపోయాయా అనుకున్నాను. ఇవాళ మీ సైటు చూశాక అర్థమైంది. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం లాభమమ్మా? రోజంతా వార్డుల్లో తిరిగేదానివి, కాళ్ళే చూసుకుంటూ నడిచేదానివి" అన్నాడు మామయ్య.

"అడుగున నంబర్లు కూడా ఉండేవి కావు."

"రాపిడికి పోతాయి లేమ్మా" అన్నాడు. ఆయనకు అబద్ధమాడటం కూడా రాదని ఆ రోజే తెలిసింది.

ఒక్కొక్క మనిషి కోసం రెండు జతలు విడగొట్టి, మిగిలిన రెంటినీ పెట్టెలో పెట్టి, ఆ మనిషికి సరిగ్గా ఎదురు పాదాలున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని అటకెక్కించాడట. ముప్పయ్యేళ్ళలో అలాంటివాళ్ళు నలుగురో ఐదుగురో వచ్చారట. సైటు ఐదు వారాల్లో అటక సగం ఖాళీ చేసింది.

అత్తయ్య షోరూము వాళ్ళకి ఫోను చేసి గది ఇవ్వడం లేదని చెప్పింది. ఆ తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి తన చెప్పులు రెండూ చేతిలోకి తీసుకుని, తిరగేసి చాలాసేపు చూసింది.

"ఏమండీ, వీటి మీద నంబర్లేవి?"

"నడుస్తుంటే అరగవూ?" అన్నాడు మామయ్య.

"ఇవి పొద్దున్నే తెచ్చారు" అంది అత్తయ్య.

అటక మీద ఏదో పని మిగిలిపోయిందంటూ మామయ్య నిచ్చెన ఎక్కేశాడు.