నల్లగుట్టపల్లి చెరువులో ఆఫ్రికా చేపకు చోటు లేదు

మే నెలలో చెరువు చూడటానికి పోతున్నానంటే మా ఇంట్లో వాళ్లే నవ్వారు. అనంతపురం జిల్లాలో, అదీ వరసగా వానలు ఎగ్గొట్టిన 2003 వేసవిలో, నీళ్లుంటే కదా చూడటానికి! నాకు అనంతపురంలో మందుల షాపు ఉంది. ఆదివారం షట్టర్ దించేసి, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని చెరువు కట్టల మీద తిరగడం నా పిచ్చి. కొత్తచెరువు అనే ఊరి దగ్గరి నల్లగుట్టపల్లి చెరువుకు మాత్రం ఏటా తప్పకుండా పోయేవాణ్ణి. అక్కడ బుడబుంగలు గూళ్లు కట్టేవి. పిడికెడంత పిట్ట. నీటి మీద తేలే గూడు, తల్లి వీపెక్కి సవారీ చేసే పిల్లలు. ఆ ఊళ్లో చేపలు పట్టి బతికే ఏడెనిమిది కుటుంబాలకు పెద్ద దిక్కు ఓబుళమ్మ. యాభై దాటిన మనిషి. కట్ట మీద నన్ను చూసి చూసి నాకు పిట్టల శెట్టి అని పేరు పెట్టింది. ఆ వేసవిలో ఒకరోజు ఆమె కొత్తచెరువు ఎస్టీడీ బూత్ నుంచి షాపుకు ఫోన్ చేసింది.

"ఏమప్పా పిట్టల శెట్టీ, నీ పిట్టలు ఈ ఏడు ఒకటీ అరా తప్ప కనపడల్యా. యాడికి పోయినాయో తెల్సునా? ఆ పాముచేప కడుపులోకి పోయినాయి. ఈ ఆదివారం దాన్ని ఈడ లేకుండా చేస్తాండాం. నువ్వు గూడా రా. కట్టు గుడ్డ, అయోడిన్ తీసుకురా, దాని ముల్లు మంచిది కాదు."

పాముచేప అని ఆమె అన్నది ఆఫ్రికా నుంచి వచ్చిన మార్పు చేపను, క్యాట్‌ఫిష్ అంటారే, దాన్ని. మన మార్పు లాగే మీసాలుంటాయి, కానీ చేతి పొడవు పెరుగుతుంది, ఒళ్లంతా మచ్చలు. నీళ్లు తగ్గితే బురదలో దూరి బతుకుతుంది, తడి నేల మీద పాములా పాకి పక్క గుంతలోకి పోతుంది. చేపలు, కప్పలు, గుడ్లు, ఏది దొరికితే అది మింగుతుంది. ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించిందని అప్పటికే పేపర్లో చదివాను. అయినా త్వరగా బరువెక్కుతుందని కొందరు దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. నల్లగుట్టపల్లిలో ఆ పని చేసింది శివారెడ్డి. చెరువు కింద పొలంలో గుంతలు తవ్వించి, కోళ్ల వ్యర్థాలు మేపి పెంచాడు. అంతకు రెండేళ్ల ముందు ఒక పెద్ద వానకు గుంతల గట్లు తెగి, చెరువు నిండి మరవ, అంటే అలుగు, పారిన కాలువలో ఎదురెక్కి అవి చెరువులోకి చేరాయి. తర్వాత గుంతలు ఎండిపోయాయి. చెరువు మాత్రం వాటికి ఇల్లయింది.

మా ఇంట్లో చేప అన్న మాట కూడా వినపడదు. అలాంటి వాణ్ణి దూది, కట్టు గుడ్డ, అయోడిన్ సీసాలు సంచీలో వేసుకుని తెల్లారేసరికి బస్టాండులో ఉన్నాను. ధర్మవరం మీదుగా పుట్టపర్తి పోయే ఆర్టీసీ బస్సు ఎక్కితే కొత్తచెరువుకు రెండు గంటల పైన పడుతుంది. అప్పట్లో టికెట్ ముప్పై రూపాయల లోపే. ధర్మవరంలో బస్సు కాసేపు ఆగుతుంది. స్టాండు బయట ఉగ్గాణి, మిరపకాయ బజ్జి వేడిగా దొరుకుతాయి, వదలకండి. ఆ తర్వాత దారి పొడవునా వేరుశనగ పొలాలే. ఆ ఏడు దున్ని వదిలేసిన ఎర్ర నేల తప్ప ఏమీ కనిపించలేదు. కొత్తచెరువు సర్కిల్లో నల్లగుట్టపల్లికి షేర్ ఆటోలుంటాయి. నేనెక్కింది మాబుది. చెరువు కాడ దించమనేసరికి అతను వెనక్కి తిరిగి చూశాడు.

"చెరువు కాడికా అన్నా? ఈ పొద్దు ఆడ గలాటా అయ్యేట్టుండాది. ఓబుళమ్మకు ఆయిల్ ఇంజన్ బాడుగకు ఇయ్యొద్దని శివారెడ్డి చుట్టుపక్కల అందరికీ చెప్పినాడు. చెరువులో చేపలు పట్టుకునే వేలం ఆయన పేరు మీదుండాది గదా. ఇంకో రెండు నెలలు పెరగనిచ్చి, లారీ పెట్టి అమ్ముకోవాలని ఆయన లెక్క."

"ఇంజన్ లేకుండా నీళ్లెలా తోడతారు?"

"పోయి చూడు," అని నవ్వాడు. చెరువు దగ్గర నన్ను దించి తనూ ఆటో ఆపేసి, ప్యాంటు మడుచుకుని నా వెనకే దిగాడు.

చెరువంతా నెర్రెలు విచ్చిన బురద. తూము దగ్గర మాత్రం రెండు ఇళ్లంత వెడల్పున మడుగు మిగిలింది. దానికి కొంచెం దూరంలో, చెరువు నేలలోనే, పశువుల నీళ్ల కోసం ఊరంతా కలిసి ఆ వేసవిలో తవ్వుకున్న బావి. మడుగు ఒడ్డున ఆడవాళ్లు, మగవాళ్లు జతలు జతలుగా నిలబడి గూడలు వేస్తున్నారు. నాలుగు తాళ్లు కట్టిన తాటాకు గూడను ఇద్దరు ఊపి, ముంచి, ఎత్తి పోయడం. మా తాతల కాలంలో మడి తడిపిన పద్ధతి. అటకల మీద నుంచి, ఎనుముల కొట్టాల నుంచి పాత గూడలన్నీ దించుకొచ్చారు. తోడిన నీళ్లు కాలువలో పారి బావిలో పడుతున్నాయి. కాలువకు అడ్డంగా ఓబుళమ్మ పాత చీరలు మడతలేసి కట్టించింది, పాముచేప పిల్ల ఒక్కటి కూడా బావిలోకి పోకుండా.

పథకం సులువుగానే అర్థమైంది. మడుగు ఖాళీ చేయాలి. కొర్రమీను, జెల్ల, పరిగె, మన చేప ఏది దొరికినా బిందెలో వేసి బావిలో వదలాలి. రేపు వానొచ్చి చెరువు నిండితే బావి మునుగుతుంది, అవి వాటంతటవే బయటికొస్తాయి. ఆఫ్రికాది దొరికితే గట్టు మీదికి. "అనుమానమొస్తే?" అని అడిగాను. "అనుమానమొస్తే గూడా గట్టుకే," అంది ఓబుళమ్మ. "దానికి జాలి చూపించేదానికి మనకు చెరువులేమన్నా కొల్లలుగా ఉండాయా?"

ఎండ నెత్తికెక్కేసరికి మడుగు మోకాలి లోతుకు వచ్చింది. నీళ్లు ఉడుకుతున్నట్టు కదలసాగాయి. నన్ను కట్టు కట్టే పనికి పిలిచారు గానీ, గంప పట్టుకునేవాళ్లు చాలక బురదలోకి దిగాను. మొదటి చేప నా చేతిలో నుంచి జారి, బురద మీద మొండెం ఊపుకుంటూ పాక్కుంటూ పోతుంటే చటుక్కున వెనక్కి జరిగాను. అచ్చం పామే. మాబు దాని మీద గంప బోర్లించాడు. రెండోదాని ముల్లు నా అరచేతిలో దిగింది. ఆ రోజు మొదటి కట్టు నాకే కట్టుకున్నాను. వాటిలో పెద్దదాన్ని ఓబుళమ్మ గట్టు మీద కొడవలితో కోసింది. కప్పలు, పరిగెలు, వాటి మధ్య ఒక చిన్న కాలు. వేళ్ల పక్కన ఆకుల్లా విచ్చుకున్న పొర. బుడబుంగ పిల్లది. పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను. అప్పటిదాకా నేను ఒక ఊరివాళ్లకు సాయానికి వచ్చినవాణ్ణి. ఆ తర్వాత ఈ కొట్లాట నాది కూడా అయింది.

శివారెడ్డి జీపు అప్పుడే కట్ట మీద ఆగింది. వెంట ఇద్దరు మనుషులు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు. కింద కుప్ప పడ్డ చేపల్ని చూసి ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎవుర్ని అడిగి తోడతాండారే నీళ్లు? చెరువు వేలం నాది. రేపు ఊళ్లో గొడ్లకు ఏం తాపుతారు?"

"నీళ్లు యాడికీ పోలేదు రెడ్డీ," అంది ఓబుళమ్మ, గూడ తాడు వదలకుండానే. "బావిలో ఉండాయి. నీ చేప కదిపి కదిపి బురద చేసిన నీళ్లు గొడ్లు ఎట్లాగూ ముట్టుకోల్యా. బావిలో తేరుకున్నాక తాగుతాయి."

ఆయన నా వైపు తిరిగాడు. "శెట్టీ, నీకేం పని ఈడ? అనంతపురంలో నీ అంగడి ఉండాది గదా, అది చూసుకోపో."

ఆయనకు పలుకుబడి ఎంతుందో నాకు తెలుసు. అయినా కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించి, "పని అయిపోలేదు రెడ్డిగారూ, ఇంకో చెయ్యి మిగిలుంది," అన్నాను. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు బాగా తగిలింది.

"అవి నా చేపలు. ఒక్కటి ముట్టుకున్నా కేసు పెడతా!"

గూడలన్నీ ఆగిపోయాయి. ఓబుళమ్మ తాడు కింద పడేసి, బురద కాళ్లతోనే కట్ట ఎక్కి ఆయన ఎదురుగా నిలబడింది.

"నీ చేపలేనా? ఇంకోసారి చెప్పు. సర్కారు వద్దన్న చేపను పెంచింది నేనే, చెరువులోకి వచ్చింది నా గుంతల్లోంచే అని అందరి ముందర చెప్పు. నేనే నీ ఎంబడి టేషనుకొస్తా. నీ కేసు నువ్వు పెట్టు, నా కేసు నేను పెడతా. నీవి కాదంటావా, ఇంక నీకెందుకు, పక్కకు జరుగు."

వెంట వచ్చిన ఇద్దరిలో ఒకడు నేల చూపులు చూస్తున్నాడు. "అడ్డమైన చేపలు నాకెందుకు," అని గొణిగి శివారెడ్డి జీపెక్కాడు. జీపు ఊరి మలుపు తిరగకముందే గూడలు మళ్లీ ఊగడం మొదలుపెట్టాయి.

మధ్యాహ్నం తుమ్మ నీడలో రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. సాయంత్రానికి మడుగు అడుగు తేలింది. అప్పుడు పారలు పట్టి బురద తిరగేశారు, ఎందుకంటే ఆ చేప అక్కడే దాక్కుంటుంది. కొత్తచెరువు నుంచి ఇద్దరు వ్యాపారులు వచ్చి కుప్ప మొత్తం కొంటామన్నారు. ఆ కరువులో ఆ దుడ్లు ఆ ఇళ్లకు ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు. ఓబుళమ్మ ఒప్పుకోలేదు. "అమ్ముడు పోతాదని తెలిస్తే రేపు ఇంకోడు పెంచుతాడు," అంది. తినేవాళ్లు కూరకు తీసుకున్నారు, మిగిలినవి మామిడి పాదుల్లో గొయ్యి తీసి పూడ్చారు. ఆఖరి గంప బోర్లించాక ఆమె చేతులకు కట్టు కట్టాను. రెండు అరచేతుల్లోనూ గూడ తాడు ఒరిపిడికి చర్మం లేచిపోయింది.

ఆ ఏడూ వానలు సరిగ్గా పడలేదు. తర్వాతి సంవత్సరాల్లో చెరువు నిండింది, బావి మునిగింది, కొర్రమీను మళ్లీ సంతకొచ్చింది, పిట్టలూ వచ్చాయి. అంతా అయిపోయిందని మాత్రం అనలేను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒక పాముచేప వలలో పడుతూనే ఉంది. శివారెడ్డికి కూడా ఏమీ కాలేదు, ఆ తర్వాతి వేలం మాత్రం చేపలు పట్టేవాళ్లే కలిసి పాడుకున్నారు. ప్రతి వేసవిలో నీళ్లు తగ్గగానే ఊరు మళ్లీ బురదలోకి దిగుతుంది. కరువు సీమవాళ్లం, ఏది దొరికితే దానికి సర్దుకుపోతామని బయటివాళ్లు అనుకుంటారు. మాకున్నది గుక్కెడు నీళ్లే కావచ్చు. అందులో ఏది బతకాలో తేల్చుకునే హక్కు మాదేనని ఆ రోజు మోకాలి లోతు బురదలో నిలబడి తెలుసుకున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సంక్రాంతి దాటాక, చెరువులో నీళ్లున్నప్పుడు పొద్దున్నే చేరుకోండి. మీ వెంట బకెట్ గానీ, గాజు సీసాలో పెంచిన ముచ్చటైన చేప గానీ ఉంటే ఇంట్లోనే పెట్టి రండి. పుణ్యమనో సరదాకనో ఆ నీళ్లలో ఏదైనా వదిలితే, కట్ట మీద నుంచి ఒకామె "ఏమప్పా, ఏందది?" అని కేకేస్తుంది. జవాబు సరిగ్గా చెప్పలేకపోతే మిమ్మల్ని బురదలోకి దించి, దాన్ని మీ చేతే వెతికించి పట్టించి పంపుతుంది.