పదకొండేళ్ళ దోరకాయ

మనుషులకి తరగతులు కట్టడం ఎక్కడికెళ్ళినా ఉన్న జబ్బే. బరంపురంలో కేరమ్స్ ఆడేచోట కొత్తగా వచ్చినవాణ్ణి, వాడికి అరవయ్యేళ్ళున్నా సరే, 'పిలా' అనేవారు. ఒడియాలో పిల్లాడని అర్థం. రాజమండ్రిలో ఒక వంటాయన నాతో చెప్పేడు: వాళ్ళలో నీళ్ళు మోసేవాడు, కూర తరిగేవాడు, గరిట పట్టేవాడు అని మెట్లున్నాయట, అందరికన్నా పైవాడు గరిట ముట్టడట, వాసన చూసి ఉప్పు చాల్లేదంటాడట. నేను ఊళ్ళు తిరిగేను, పుస్తకాలు తిరగేసేను, మెట్టు ఎక్కలేక ఏడ్చినవాళ్ళని చాలామందిని చూసేను. ఎక్కగలిగీ ఎక్కకుండా, కిందిమెట్టు మీద కూచుని లాభం తిన్నవాణ్ణి మాత్రం విజయనగరంలో ఒక్కణ్ణే చూసేను. వాడి పేరు కొండబాబు.

ఆ ఊళ్ళో మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర, చెప్పుల షాపు మేడమీద, సూరయ్య రెండు పూల్ టేబుళ్ళు వేసేడు. అంతకుముందు అతను మామిడి యార్డులో కాయ ఏరేవాడు. సువర్ణరేఖ బుట్ట ముందుకొస్తే, ఎవరితోనో కబుర్లాడుతూనే చేత్తో తడిమి, ఇది ఇవాళ్టికి, ఇది ఎల్లుండికి, ఇది ఆవుకి అని విడదీసేవాడు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? టేబుళ్ళ దగ్గరికొచ్చినవాళ్ళనీ అలాగే ఏరేడు. గోడకి నల్లబల్ల తగిలించి నాలుగు గళ్ళు గీసేడు. పూత, పిందె, దోర, పండు. స్టిక్ పట్టుకోవడం రానివాడు పూత; గాలి కొడితే రాలిపోతాడు. తిన్నగా ఉన్న బంతిని పాకెట్లో వెయ్యగలిగితే పిందె. ఒక బంతి వేస్తూనే, తరవాతిదాని కోసం, స్టిక్‌తో కొట్టే తెల్లబంతి ఎక్కడ ఆగాలో ఆలోచించేవాడు దోర. ఆలోచించకుండానే అది ఎవడికి అక్కడ ఆగుతుందో వాడు పండు.

గళ్ళలో పట్టనివాళ్ళూ ఉన్నారు. సొంత స్టిక్ జిప్పు సంచీలో తెచ్చుకుని, చేతికి తొడుగేసుకుని, గంటసేపు స్టిక్ మొనకి చాక్ రాసి, ఒక్క బంతీ వెయ్యలేనివాడు 'కార్బైడు'. పైకి పసుపు, లోపల పులుపు. ఆడకుండా బెంచీమీద కూచుని పేపరు చదువుకునే నాలాంటివాడు 'టెంక'. నాకు కోపమేం రాలేదు. ఉన్నమాటే కదా.

ఆ బల్ల గోడకి అందం కోసం పెట్టింది కాదు. పండుతో ఆడేటప్పుడు దోరకి ఒక బంతి వదలాలి, అంటే ఆట మొదలవకముందే వాడు వెయ్యాల్సిన బంతుల్లో ఒకటి తీసి పక్కన పెట్టేస్తారు. పిందెకైతే రెండు. ఓడినవాడు టేబులు అద్దె ఇస్తాడు, టీ పోయిస్తాడు. దోర అయినవాడు పండు మీద వరసగా మూడు ఆటలు గెలిస్తే, సూరయ్య వాడి పేరు చెరిపి పండు గడిలో రాస్తాడు. ఆ తరవాత వాడికి బంతి వదిలేవాడు ఉండడు, వాడే వదలాలి.

కొండబాబు రెండు ఆటలు గెలిచేవాడు, మూడోది ఓడేవాడు. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. పదకొండేళ్ళు.

అన్ని బంతులూ అయ్యాక ఆఖర్ని నల్లబంతి వేసినవాడిదే ఆట. మూడో ఆటలో అక్కడిదాకా చక్కగా వచ్చి, స్టిక్ తోక గోరంత పైకి లేపేవాడు. బంతి పాకెట్ మూతిదాకా వెళ్ళి, అంచు తగిలి, ఇవతలికొచ్చేది. "అరెరె, సెయ్యి జారిపోనాది!" అని నుదురు కొట్టుకునేవాడు. పాతవాళ్ళకి సంగతి తెలుసు. తెలిసీ నవ్వేవారు, ఆ నవ్వు వాడికి సన్మానంలా ఉండేది. మూడు టీలలో రెండు ఊరికే తాగడానికి ఒక మనిషి తన చేతికి తప్పడం నేర్పేడు.

ఈ విద్య వాడికి పూల్ టేబులు దగ్గర రాలేదు. వాళ్ళది చీపురుపల్లి అవతల ఒక పల్లె. కోతలప్పుడు తండ్రి కొడుకుల బలాన్నిబట్టి వాళ్ళ నెత్తికి వరిపనల మోపు ఎత్తేవాడు. అన్న రాముడికి పెద్దది, వీడికి చిన్నది. ఒకనాడు వీడు కుంటుతూ నడిచేడు. మర్నాటికి మోపు మరీ చిన్నదయింది. తగ్గిన బరువు గాలిలో కలవలేదు, రాముడి నెత్తిమీదికెళ్ళింది. ఇదంతా వాడే నాకు గొప్పగా చెప్పేడు.

"నాన్న కనిపెట్టనేదు గాని మేష్టారూ, అమ్మ కనిపెట్టీసినాది. కూర్మమ్మంటే ఏటనుకున్నారు! 'కుంటు నీ కాలికి కాదురా, నీ బుద్దికి' అనీది," అని పకపకా నవ్వేడు.

తల్లి తిట్టిన తిట్టుని బిరుదులా మెళ్ళో వేసుకు తిరిగేవాణ్ణి ఏమనాలి? తాబేలు తల లోపలికి లాక్కుంటుంది, దానికి ప్రాణభయం. వీడికేం భయం? పెద్దయ్యాక ఏదో సంఘం గోదాములో గుమాస్తా అయ్యేడు. పైపనికి పరీక్ష రాయమంటే వెళ్ళి సగం కాగితం తెల్లగా వదిలేసి వచ్చేడు. పై కుర్చీలో కూచుంటే తాళాలు పట్టుకు తిరగాలిట. ఆ తాళాలు వీడికన్నా ఆరేళ్ళు చిన్నవాడు పట్టుకు తిరుగుతున్నాడు. వాణ్ణి వీడు 'సార్' అంటాడు, అని బయటికొచ్చి కన్ను గీటుతాడు. ఎవరు చూడ్డానికో!

ఈమధ్య చెప్పులషాపాయన మేడ కూడా కలుపుకుంటానన్నాడు. సూరయ్య టేబుళ్ళు అమ్మేసేడు. ఆఖరి ఆదివారం సాయంత్రం బల్లని ఫోటో తీసి అందరి ఫోన్లకీ పంపుతానన్నాడు.

"ఎవుడు ఏ గడిలో ఉంటే ఆ గడే. ఇంక జన్మలో మారదు," అన్నాడు.

అప్పుడు ప్రద్యుమ్న అనే కాలేజీ కుర్రాడు, మొన్ననే పిందె అయినవాడు, కొండబాబుని పలకరించేడు.

"మావా, దోరల్లో నువ్వే సీనియరువి. నీ పేరు అందరికన్నా పైన ఉంటాది."

"నేను దోరనేటిరా? కావాలనే ఉండిపోనాను గాని!"

"అందరూ అలాగే అంటారు మావా," అన్నాడు కుర్రాడు. వెక్కిరించలేదు, ఓదార్చేడు. అదే కొండబాబుకి తగలరాని చోట తగిలింది.

కొండబాబు బెంచీలకేసి చూసేడు. వాడి నాటకం తెలిసి నవ్వినవాళ్ళలో ఒకడు గాజువాక పోయేడు, ఒకడు హైదరాబాదు పోయేడు, ఇద్దరు ఆటే మానేసేరు. మిగిలింది సూరయ్యా, నేనూ. దాచిపెట్టిన విద్యకి, దాచేడని తెలిసినవాళ్ళు నలుగురైనా ఉండాలి. లేకపోతే అది లేని విద్యే. ఇంత చిన్నముక్క వాడికి పదకొండేళ్ళకి బోధపడింది.

ఫోటోలో పండు గడిలో ఉండాలని పట్టుపట్టేడు. ఆ వారంలో రెండు ఆటలు గెలిచేడు. అవి ఎప్పుడూ గెలిచేవే. మూడోది ఆఖరి ఆదివారం మధ్యాహ్నం, ఆశ్రితతో పడింది. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల. ఇంట్లో వీణ ఉంది, వేళ్ళకి తొందర లేదు. రెండేళ్ళలో పూతనుంచి పండుకి తిన్నగా నడిచి వచ్చింది, ఎక్కడా కుంటకుండా.

"బాబాయ్, నీకొక బంతి వస్తాది. తీసెయ్యనా?"

"వద్దమ్మా. సమానంగా ఆడదాం."

సూరయ్య టీ గ్లాసు కింద పెట్టేడు.

ఉన్నది చెప్పుకోవాలి, వాడు బాగా ఆడేడు. వాడి వంతుకొచ్చిన చారల బంతులు ఒకటొకటే, చెప్పినమాట విన్న పిల్లల్లా పాకెట్లలోకి వెళ్ళేయి. తెల్లబంతి వాడు ఆలోచించకముందే ఆగాల్సినచోట ఆగింది. చూస్తూంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చెయ్యి ఉంచుకుని, టీనీళ్ళకి తాకట్టు పెట్టేడా వీడు!

చివరికి నల్లబంతి మిగిలింది. తిన్నగా, మూరెడు దూరంలో, పాకెట్ ఎదురుగా. పిందె వేస్తుంది. కళ్ళు మూసుకుని పూత కూడా వెయ్యొచ్చు. కొండబాబు వంగేడు. ఊపిరి బిగబట్టేడు. కొట్టేడు.

తోక గోరంత లేచింది.

బంతి మూతిదాకా వెళ్ళి, అంచు తగిలి, ఇవతలికొచ్చింది. ఈసారి వాడు నుదురు కొట్టుకోలేదు. తన కుడిచెయ్యికేసి చూసుకున్నాడు, పక్కింటివాడి చెయ్యిలా.

ఆశ్రిత తన ఆఖరి బంతీ, దాని వెనకే నల్లబంతీ మెల్లిగా వేసేసింది. "బాగా ఆడేవు బాబాయ్. దోరకి ఇది సాలా ఎక్కువ. టేబులు డబ్బు నేనిస్తాలే," అంది.

"అబ్బెబ్బే, నేను కావాలనే వదిలేసినానమ్మా!"

"సర్లే బాబాయ్," అంది ఆ పిల్ల. ప్రద్యుమ్న కిటికీకేసి తిరిగి నవ్వుకున్నాడు.

కొండబాబు సూరయ్య దగ్గరికెళ్ళి గొంతు తగ్గించేడు. "ఒరే సూరయ్యా, నిజంగానే తప్పిపోనాదిరా. ఒట్టు. నేను లేపనేదు, సెయ్యే లేచిపోనాది."

"సాల్లేరా! పదకొండేళ్ళబట్టి సూస్తన్నాను నీ యాక్టింగు. ఆఖరికి ఆ ఆడగుంట దగ్గిర కూడానా? సిగ్గునేదేటి?"

అబద్ధం చెప్పినచోట నమ్మలేదు, నిజం చెప్పినచోటా నమ్మలేదు. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

సూరయ్య ఫోటో తీసేడు. దోర గడిలో మొదటి పేరు కొండబాబుది. అందరూ ఆఖరి టీకి కిందకి దిగేరు. వాడు దిగలేదు. నల్లబంతిని అదే చోట పెట్టేడు, తెల్లబంతిని అదే చోట పెట్టేడు, కొట్టేడు. పాకెట్లో పడింది. మళ్ళీ పెట్టేడు. మళ్ళీ పడింది. అయిదుసార్లు కొట్టేడు, అయిదుసార్లూ పడింది. తోక ఒక్కసారీ లేవలేదు.

అప్పుడు ఇటు తిరిగేడు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను.

"సూసేరా మేష్టారూ?"

నేను పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాను.

"లేదయ్యా. చదువుకుంటున్నాను," అన్నాను.

మెట్లు దిగుతూంటే వెనకాల ఆరోసారి బంతి పడ్డ చప్పుడైంది.