బగ్గీకి పెట్టిన దణ్ణం

దసరా వెళ్ళిన రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నా జ్ఞాపకశక్తి అంత గొప్పదేం కాదు. ఫోటో కింద ఆ రోజునూ ఆ వేళనూ ఫోనే వేసిపెట్టింది కనుక ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఎనిమిదేళ్ళ కిందట ఇదే రోజు అంటూ, మొన్న పొద్దున నేను కాఫీ తాగుతుండగా, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆ ఫోటో తనంతట తానే వచ్చి తెర మీద నిలబడింది. చీర మీద నారింజరంగు చేతుల్లేని కోటు తొడుక్కుని, బురదలో వంగి, వెల్లకిలా పడిన ఒక బొమ్మకారును తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకుంటున్న ముసలమ్మ అందులో ఉంది. ఆ ముసలమ్మను నేనే. పక్కనుంచి తొంగిచూసిన మా మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వి, "అమ్మమ్మా, ఆర్ యు ప్రేయింగ్ టు ఎ కార్?" అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెవులు వేడెక్కాయి. ఫోను బోర్లించి, కాఫీ చల్లారిపోయిందని వంక పెట్టి లేచిపోయాను.

నా ఈడువాళ్ళకైతే ఇది చెబితే అర్థమవుతుంది. మా కాలంలో అత్తగారు అల్లుడి ఎదుట నిలబడేది కాదు. మా అమ్మ, మా ఆయనతో జన్మలో ఎదురుగా నిలిచి మాట్లాడలేదు. అన్నానికి లేవమని చెప్పాలన్నా గోడకు చెప్పినట్టు చెప్పేది. నేనూ అదే నేర్చుకున్నదాన్ని. ఒంగోలు పక్కన పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసి పిల్లను చదివించాను గానీ, నాకు అప్పటికి అక్షరమ్ముక్క రాదు. కూతురు ఈ దేశం వచ్చాక, అది ఫోన్లో పంపే నాలుగు మాటలు ఇంకొకరిచేత చదివించుకోవడం బాగాలేక, యాభై దాటిన వయసులో అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర కూర్చుని గుణింతాల దాకా వచ్చాను. ఒత్తులు మాత్రం పట్టుబడలేదు. ఆయన పోయాక కూతురు నన్ను ఇక్కడి క్రాన్‌బర్న్ అనే ఊరికి తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. ఈ ఇంట్లో వంటింటికి తలుపే లేదు. అల్లుడు హాల్లోకి వస్తే చాటుకు పోదామన్నా ఫ్రిజ్జు ఒక్కటే దిక్కు. ఆ ఫ్రిజ్జు వెనకనుంచే నేను మొదటి ఆరు నెలలూ కాపరం చేశాను.

కూతురు ముసలివాళ్ళను చూసుకునే హోములో నర్సు. శనివారాలు దానికి డ్యూటీ. అల్లుడు లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు, ఆయనకు శనివారం సెలవు. ఇక ఆ రోజంతా ఇంట్లో ఆయనా నేనూ. ఆయన హాల్లోకి వస్తే నేను గదిలోకి, నేను వంటింట్లోకి వస్తే ఆయన గరాజులోకి, ఇట్లా దాగుడుమూతలాడి ఆడి విసుగు పుట్టిందేమో, ఒక శనివారం గరాజులోంచే కేకేసి, "అత్తయ్యా, ఒక్కరే ఇంట్లో ఏం చేస్తారు, వచ్చి కార్లో కూర్చోండి, కాస్త గాలన్నా తగులుద్ది" అన్నాడు. కాదంటే బాగుండదని వెళ్ళాను. పోయేది పందేల ట్రాక్‌కని తెలియదు, ఆయన అక్కడ బొమ్మకార్లతో పందేలాడతాడనీ తెలియదు.

బొమ్మ అని నేనంటున్నాను గానీ, అల్లుడు వింటే ఒప్పుకోడు. బగ్గీ అంటారు. మూరెడు పొడుగుంటుంది, ముళ్ళముళ్ళ టైర్లు, కింద సన్నటి స్ప్రింగులు. మనుషులు ఎత్తైన చెక్క మంచె ఎక్కి చేతిలో రిమోటు పట్టుకుని నిలబడితే, కింద మట్టిలో ఇవి దిబ్బలెక్కి గాల్లోకి లేచి, కందిరీగల్లా చెవులు గింగురుమనేట్టు పరుగెత్తుతాయి. గెడ్డం నెరిసిన వాళ్ళు కూడా పసిపిల్లల్లా ఆడుతున్నారు. రెండు శనివారాలు నేను కారు అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నాను. మూడో శనివారం అద్దం దించాను. నాలుగోసారి దిగాను. చిన్నప్పుడు మా అన్నలు తాటి బుర్రల బండి తోలుతుంటే ఒక్కసారి ఇమ్మని ఏడ్చి మా నాయనచేత చెంపదెబ్బ తిన్న సంగతి, యాభై ఏళ్ళు ఎక్కడ దాక్కుందో, ఆ పూట గుర్తొచ్చింది.

నేను ఊరికే నిలబడటం చూసి అల్లుడు తన పాత కెమెరా నా మెడలో వేశాడు. మొదట్లో నేను తీసిన ఫోటోలన్నీ ఉత్త మట్టి దిబ్బలే. నొక్కేసరికి బగ్గీ వెళ్ళిపోయేది. "అది ఉన్నచోట కాదత్తయ్యా, అది రాబోయేచోట చూడండి" అన్నాడు. చేట చెరిగినట్టు నడుముతో పాటు కెమెరా తిప్పడం నేర్చుకున్నాను. అన్నిటికంటే పెద్ద మర్మం ఇంకొకటుంది. నిలబడి తీస్తే బగ్గీ బొద్దింకలా కనపడుతుంది. నేలమీద బోర్లా పడుకుని తీస్తేనే అది ఆకాశంలో ఎగిరినట్టుంటుంది, చక్రాల్నుంచి రాలే మట్టిబెడ్డలు కూడా గాల్లో ఆగిపోయి కనపడతాయి. అల్లుడి ముందు కుర్చీలో కూడా కూర్చోని మనిషిని, అల్లుడి మంచె కింద పొట్ట నేలకానించి పడుకున్నాను. సిగ్గు లేదా అంటే ఉంది. కొంగంతా మట్టి చేసుకుని ఇంటికొచ్చి, కూతురు చూడకముందే చీర నానబెట్టేదాన్ని. మా చెల్లెలు ఫోన్ చేసి శనివారాలు ఏం చేస్తున్నావంటే గుడికి పోతున్నామని చెప్పేదాన్ని. అది ఊరుకోదు గదా, ప్రసాదమేంటంటుంది. పులిహోర అనేదాన్ని. నిజానికి అక్కడ పెనం దగ్గర సాసేజీలు కాల్చే తెల్లాయన, నాకోసం వేరే మూలన వేయించి రొట్టెలో చుట్టిచ్చే ఉల్లిపాయలు తినేదాన్ని.

ఆ ఏడు కూతురికి నెలలు నిండుతున్నాయని వియ్యపురాలు గుంటూరునుంచి వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు బళ్ళో పంతులమ్మగా చేసి దిగిన మనిషి. కళ్ళజోడు పైనుంచి చూసిందంటే, రాని ఒత్తులన్నీ నా మొహం మీదే రాసున్నట్టు ఉండేది నాకు. "వదినగారూ, మీరేదో ఫోటోలు తీస్తారటగా" అని వచ్చిన రోజే అడిగింది. ఎవరు చెప్పారో. ఏదో కాలక్షేపానికండీ అన్నాను. దసరానాడు అల్లుడు ఇంట్లో ఉన్న పానాలూ స్క్రూడ్రైవర్లతో పాటు బగ్గీని కూడా పూజలో పెట్టాడు. పసుపు రాసి, దాని నెత్తిన కుంకుమబొట్టు పెట్టింది నా చేతులే. ఏడాది చివరి పందెం రెండు వారాల్లో ఉంది. నాలుగేళ్ళుగా ఆడుతున్నా ఆయన ఒక్కసారి కూడా మొదటి ముగ్గురిలో నిలబడలేదు. ఈసారి బండి బాగా కుదిరింది, తల్లి కూడా చూడటానికి వస్తోంది. పైకి అనడు గానీ, కప్పొస్తే పెట్టడానికి హాల్లో టీవీ పక్కన అర ఒకటి ఖాళీ చేసి తుడిచిపెట్టుకున్నాడు.

ఇక ఆ శనివారం. అక్కడ ఒక పద్ధతుంది. పందెంలో బగ్గీలు పల్టీలు కొడతాయి. మంచె మీదున్నవాళ్ళు దిగిరాలేరు గనక, ట్రాక్ పొడుగునా మనుషులు నారింజ కోట్లు వేసుకుని నిలబడి, పడ్డవాటిని లేపి నిలబెట్టాలి. మార్షల్ అంటారు వాళ్ళను. చివరి పందెం మొదలవబోతుండగా మార్షల్ ఒకాయనకు ఇంటినుంచి ఫోనొచ్చి వెళ్ళిపోయాడు. టైము చూసే పెద్దావిడ మైకులో, "నాన్, వి నీడ్ యు, డార్లింగ్" అంది. వాళ్ళ భాషలో నాన్ అంటే మామ్మ. నాకు వచ్చిన ఇంగిలీషులో అదొకటి. ఏడాదిగా చూస్తున్న పనే కదా అని కోటు తొడుక్కుని, వెనకొచ్చేవాళ్ళను హెచ్చరించే పసుపుజెండా అందుకున్నాను. మెడలో కెమెరా తీసి కారులో పెట్టి, నా ఫోను వియ్యపురాలి చేతిలో పెట్టి, "అల్లుడుగారు గెలిస్తే తియ్యండి వదినగారూ, ఇక్కడ నొక్కడమే" అన్నాను. చెప్పొద్దూ, పంతులమ్మకు నేనొక పని నేర్పుతున్నానని కాస్త గర్వపడ్డాను కూడా.

ఆఖరి చుట్టుకు అల్లుడి బగ్గీ రెండో స్థానంలో ఉంది. సరిగ్గా నా ముందున్న దిబ్బ దిగుతుంటే వెనకది వచ్చి గుద్దింది. అది రెండు పల్టీలు కొట్టి, వెల్లకిలా జారుకుంటూ వచ్చి నా పాదానికి తగిలింది.

లేపి నిలబెట్టాలి. ఒక క్షణం పని. కానీ నేను బొట్టు పెట్టి పూజ చేసిన వస్తువు నా కాలికి తగిలింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి పుస్తకం తగిలినా చేట తగిలినా మనిషి తగిలినా వంగి దణ్ణం పెట్టుకున్న చెయ్యి, నన్నడగలేదు. వంగి బగ్గీని తాకి కళ్ళకద్దుకున్నాను. అంతటితో పోయినా బాగుండేది. అద్దుకున్నది ఎడమచెయ్యి. కుడిచేతిలో పసుపుజెండా ఉంది. ఎడమచేత్తో దణ్ణమేంటని, జెండాను ఈ చేతిలోకి మార్చుకుని, మళ్ళీ తాకి, మళ్ళీ అద్దుకున్నాను. ఆ ఫోటో ఈ రెండోదానిది.

మంచె మీదనుంచి అల్లుడు గొంతు చించుకుంటున్నాడు. "అత్తయ్యా! తిప్పండి! దణ్ణం తర్వాత, ముందు తిప్పండత్తయ్యా!"

తిప్పాను. ఈలోగా ఒకటి వెళ్ళింది, ఇంకొకటి వెళ్ళింది. ఆయన నాలుగో వాడయ్యాడు. గెలిచినవాళ్ళు ఎక్కే మూడు మెట్ల బల్ల మీద నాలుగో మనిషికి చోటుండదు.

అందరూ నవ్వారు. ఎకసెక్కానికి కాదులెండి, ముచ్చటగానే. సాసేజీలాయన చేతిలో పట్టకారుతోనే నాకు దణ్ణం పెట్టాడు కూడా. వియ్యపురాలు మాత్రం కంచె అవతలనుంచి, "హారతి కూడా ఇచ్చేస్తే సరిపోయేది కదా వదినగారూ" అంది. వెళ్ళి కారులో కూర్చుని అద్దాలు ఎక్కించాను. మంచె దిగిన అల్లుడు బగ్గీని ఒళ్ళో పెట్టుకుని బురద తుడుస్తున్నాడు. నావైపు చూడలేదు. కోపం తెచ్చుకుని నాలుగు మాటలంటే పోయేది, పడేదాన్ని. అల్లుడు గనక అనలేడు. బొట్టు దగ్గర మాత్రం గుడ్డ ఆపి, దాని చుట్టూ తుడిచి వదిలేశాడు.

కాసేపటికి వియ్యపురాలు తలుపు తీసుకుని వచ్చి నా పక్కన కూలబడింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "మూడో క్లాసులో మావాడు వాచకం తొక్కి దణ్ణం పెట్టుకోకుండా పోతుంటే వీపు విమానం మోత మోగించానండీ. ఇప్పుడు మిమ్మల్ని ఏ మొహంతో తిట్టను?" అంది. "అది సరే గానీ, రెండోసారి ఎందుకు పెట్టారు?" అంది. ఎడమచెయ్యండీ అన్నాను. ఆవిడ నవ్విన నవ్వుకు కారు ఊగింది. నాకు నవ్వు రాలేదు. ఖాళీ అర కళ్ళముందు ఉంది.

ఆ మర్నాటినుంచి మధ్యాహ్నాలు, పురిటి గుడ్డలు మడతపెడుతూ, ఆవిడ నాకు ఒత్తులు నేర్పింది. నాకు రావని ఎట్లా కనిపెట్టిందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇప్పుడిది రాస్తున్నానంటే ఆవిడ పెట్టిన భిక్షే. నేను మాత్రం ఇంకొకటి నాకు నేనే నేర్పుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి శనివారం పట్టుబట్టి మార్షల్‌గా నిలబడ్డాను. బగ్గీ కాలికి తగిలినప్పుడల్లా పళ్ళు బిగించి, దణ్ణం మింగేసి, ముందు తిప్పేదాన్ని. తర్వాత పెట్టుకుందామనుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ తర్వాత పెట్టుకోవడం కూడా మర్చిపోయాను. అల్లుడు మాత్రం మళ్ళీ ఎప్పుడూ నాలుగు దాటి ముందుకు రాలేదు. ఆ అరలో కూతురు మొక్కల కుండీ పెట్టింది.

ఇప్పుడు ఆ ట్రాక్ లేదు. ఆ దిబ్బలు చదునుచేసి ఇళ్ళు కట్టారు. అన్నీ వంటింటికి తలుపులేని ఇళ్ళే. వియ్యపురాలు లేదు. గుంటూరులో పోయిన సంగతి ఫోన్లో చూశాము, ఆ పక్షం విమానంలో సీటు దొరికింది అల్లుడికొక్కడికే. నేనిప్పుడు అల్లుడి ఎదురుగా కూర్చుని భోంచేస్తాను, కూరలో ఉప్పెక్కువైందంటే నువ్వే చేసుకో అంటాను కూడా. మంచిదే అయింది. ఫ్రిజ్జు వెనక ఎన్నాళ్ళు బతుకుతాం?

మొన్న ఫోటో చూసిన మనవరాలు ఆ కారు ఎక్కడుందో చూపించమని పట్టుబడితే, అల్లుడు గరాజులో పై అరమీదనుంచి బగ్గీని దించాడు. బ్యాటరీ ఉబ్బిపోయింది, టైర్లు గట్టిపడ్డాయి. నెత్తిన బొట్టు వెలిసిపోయి ఇటుకరంగు మచ్చ మిగిలింది. సాయంత్రం నేను ఉతికిన బట్టల బుట్ట మోసుకుంటూ గరాజులోంచి వస్తుంటే కాలికేదో తగిలింది. బుట్ట అడ్డం, కనపడదు. కాలితోనే పక్కకు నెట్టి లోపలికి వచ్చేశాను. బట్టలు సగం మడతపెట్టాక తట్టింది, నేను నెట్టింది దాన్ని.

ఎవరూ చూడలేదు. ఎవరూ నవ్వలేదు. దణ్ణం పెట్టినందుకు ఎనిమిదేళ్ళు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే నయమనిపించింది. తిరిగి వెళ్ళి వంగి దణ్ణం పెట్టాను, కుడిచేత్తోనే. కానీ వెళ్ళి పెట్టేది వేరు, చెయ్యి తనకు తాను పెట్టుకునేది వేరు.

ఆ దసరా వెళ్ళిన రెండో శనివారం మధ్యాహ్నం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు: మైకు దగ్గర టైము చూసే పెద్దావిడ. పెనం దగ్గర సాసేజీలాయన. పేర్లు తెలియకపోయినా మొహాలు తెలిసిన నారింజ కోట్ల మనుషులు. మంచె మీద మా అల్లుడు. కంచె అవతల, ఎప్పుడూ ఫోటో తియ్యని చేతుల్తో నా ఫోను పట్టుకున్న వియ్యపురాలు. డ్యూటీ దిగి ఆ గుడ్డలతోనే వచ్చి, అప్పుడే కారు దిగుతున్న నా కూతురు. అందరితోపాటు నవ్వలేక దాని కడుపులో కదులుతున్న మనవరాలు. బురదలో నేను.