జెట్టీ మీద నక్షత్రం

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వస్తుంటే, మా ఎదురింటి దీదీ కన్నుమూసిందని దారిలో చెప్పారు. ఉత్తరాలు తప్ప మరేదీ రాసే అలవాటు నాకు లేదు. మొన్న ఆవిడ కూతురు వచ్చి, “ఆంటీ, అమ్మ గురించి తెలుగులో రాసివ్వండి. నాకు చదవడం రాకపోయినా నా దగ్గర ఉండాలి” అంది. కాదనలేక కలం పట్టాను.

పెళ్లయి ఈ దీవులకు వచ్చి డైరీ ఫార్మ్ అనే పేటలో కాపురం పెట్టిన రోజు నుంచీ దీదీ మాకు ఎదురిల్లు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ఆవిడ ఇక్కడే పుట్టింది. బజార్లో చేపలు అమ్మేది. మాటలో సగం హిందీ. తలుపు తట్టడం తెలియదు, వీధిలోంచే కేక వేసేది. తన వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ మా వాకిట్లోకి వచ్చేసేది. మేము ప్రార్థనలో ఉంటే మాత్రం చప్పుడు చేయకుండా గుమ్మంలో కూర్చునేది. నేను పుట్టింటిని తలుచుకుని దిగులుపడితే, “అరే చెల్లీ, ఇక్కడ అందరం షిప్పు దిగినోళ్లమే. నువ్వు కొంచెం లేటు, అంతే” అనేది.

నన్ను దీవులకు పంపడం నాన్నకు ఇష్టం లేదు. నేను ఓడ ఎక్కుతుంటే, “కూతుర్ని సముద్రంలో పారేసుకున్నాను” అని ఏడ్చారు. అలాంటి మనిషి, చూపు మందగించాక, నన్నూ మనవరాలినీ చూడాలని ఒంటరిగా విశాఖపట్నంలో షిప్పు ఎక్కారు. పండగకు ముందే రావలసిన షిప్పు, గాలివానకు ఆలస్యమై క్రిస్మస్ రోజు మధ్యాహ్నం వస్తుందని రేడియోలో చెప్పారు. మా ఆయన బోటు డ్యూటీ మీద నికోబార్‌లో ఉన్నారు. నేను ఆసుపత్రి వంటశాలలో పనిచేసేదాన్ని. పండగని రోగుల అన్నం ఆగదు కదా, ఆ రోజు డ్యూటీ నాదే. హిందీ ముక్క రాని నాన్న, షిప్పు దిగే జెట్టీ మీద ఆ జనంలో ఏమైపోతారోనని నా భయం.

“జెట్టీకి నేను పోతాలే” అంది దీదీ.

“మీరు ఆయన్ని ఎప్పుడూ చూడలేదు కదా. అట్ట మీద పేరు రాసిస్తాను, పట్టుకుని నిలబడండి.”

“వాహ్! నాకు తెలుగు చదవడం రాదు, మీ నాన్నకి కళ్లు కనబడవు. ఇద్దరికీ బాగా సరిపోద్ది!”

నవ్వుతూనే మా వరండాలో కట్టిన క్రిస్మస్ నక్షత్రాన్ని వెదురు కర్రతో సహా ఊడదీసింది. అది ఎర్ర కాగితంతో చేసినది, గంపంత ఉంటుంది. “ఇదైతే దూరం నుంచి కనబడుద్ది. నువ్వు పో” అంటూ మా పాపను చంకనేసుకుంది.

ఆ రోజు అన్నం వారుస్తున్నా, పాయసం కలుపుతున్నా నా ప్రార్థన ఒక్కటే: ప్రభువా, ఆయన్ని భయపడనివ్వకు.

సాయంత్రం పరుగున వచ్చేసరికి దీదీ వాకిట్లో ట్రంకుపెట్టెలు, మూటలు, ఎన్నడూ చూడని చెప్పులు. లోపల ముక్కూ మొహం తెలియని రెండు కుటుంబాలు టీ తాగుతున్నాయి. వాళ్ల మధ్య నాన్న, ఆయన ఒళ్లో మా పాప.

“వీళ్లెవరు దీదీ?” అన్నాను మెల్లగా.

“నాకేం తెలుసు! కొత్తగా నౌకరీకి వచ్చినోళ్లంట. స్టార్ చూసి, చర్చి తరఫున తీసుకెళ్లడానికి వచ్చాననుకుని నా వెనకాలే వచ్చేశారు. పండగ పూట పొమ్మంటామా?”

నా గొంతు విని నాన్న చెయ్యి చాచారు. “అమ్మా, వీళ్లంతా నీవాళ్లేనా?”

నేను నోరు తెరిచేలోపే దీదీ అందుకుంది. “హా బాబూజీ, అందరూ మీ అమ్మాయి వాళ్లే. నేనైతే ఫస్ట్!”

నాన్న ఒళ్లోని పాపను దగ్గరికి పొదువుకున్నారు. తర్వాత నా తల తడిమి, “ఒడ్డునే ఉన్నావమ్మా” అన్నారు.

దీదీకి కృతజ్ఞత చెప్పబోతే “చల్, పాగల్” అని పిచ్చిదాన్ని కసిరినట్టు కసిరేది. అందుకే ఈ కాగితాలు ఆవిడ కూతురికి దాచుకోమనే ఇస్తున్నాను, నలుగురికీ చూపించమని కాదు.

ఆ క్రిస్మస్ సాయంత్రం అందరం కలిసి పాట ఎత్తుకున్నాం. దీదీకి తన ఇంట్లో తనకే చోటు మిగల్లేదు. చేపల కోసం చీకటితోనే లేచిన మనిషి, ఎవరిదో పెట్టె మీద కూలబడి గోడకు తల ఆనించింది. మేము పాడుతుండగానే, టీ వడకట్టిన గుడ్డ చేతిలో ఉండగానే, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది.