వడ్ల సీజన్ అయిపోనీ

మొన్న కోదాడలో మా బావ సంవత్సరీకం చేశారు. బావ అంటే నా భర్తకు అన్న. ఆయన కొడుకు ఆ ఊళ్లోనే టీచరు. ఇంటి ముందు వీధికి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో బావ బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి, భుజం మీద ఆయన ఎన్నడూ కప్పుకోని శాలువా ఉంది, కింద గుమ్మడికాయంత అక్షరాలతో ‘అన్నదాత’ అని ఉంది. బతికుండగా చూస్తే ‘ఎవడీడు, సినిమాల పటేలు లెక్క ఉన్నడు’ అనేవాడు. ఆ అక్షరాలను నేను కూడబలుక్కోకుండా చదివాను. చదవడం నేర్పింది కూడా ఆయనే. అంతలో కొడుకు వచ్చి కాగితం, పెన్ను నా ఒళ్లో పెట్టాడు.

“సిన్నమ్మా, నాయిన గురించి నీకన్న ఎక్కువ ఎవ్వరికీ ఎరుక లేదు. నాలుగు మంచి మాటలు రాసియ్యి. భోజనాలకు ముందు మైకుల చదువుతా.”

“ముందు ఆవిడ్ని టిఫిన్ చెయ్యనివ్వండి” అంది కోడలు. “అత్తయ్యా, మీరు ఇడ్లీలు తినేసి తాపీగా రాద్దురుగాని.” కోదాడ పిల్ల కదా, మాట ఆంధ్ర వైపు ఒరుగుతుంది.

బావ గురించి మంచి మాటలు నాలుగు కాదు, నలభై ఉన్నాయి. వాటి పక్కన చెడ్డ మాట ఒకటి ఉంది. అది ఆయనది కాదు, నాది. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని ఎవరికీ చెప్పలేదు.

నా భర్త మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ. ముప్పై ఏళ్లు నిండకముందే ఒక పూట బస్తా దించి నీళ్లడిగి అక్కడే కూలిపోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు వచ్చి ఏడ్చి వెళ్లిపోయారు. బావ మాత్రం పదకొండో రోజున ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టి, నాతో కాకుండా గోడతో అన్నట్టుగా, ‘సామాన్లు సదురుకోమను, సూర్యాపేట పోదాం’ అన్నాడు. గోడతో ఎందుకంటే, మా గొల్లోళ్ల ఇళ్లలో తమ్ముడి భార్య బావకు ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడాలి, ఏదైనా ఉంటే ఆయన భార్య చేత చెప్పించాలి. ఆయన నాకు అక్షరాలు నేర్పింది కూడా అట్లాగే. సాయంత్రం అరుగు మీద పదిమంది ఆడవాళ్లకు చదువు చెప్పేవాడు. మిగతావాళ్ల చెయ్యి పట్టి దిద్దించేవాడు. నేను పలక కింద పెట్టి వెనక్కు జరగాలి, ఆయన తీసుకొని దిద్ది మళ్లీ కింద పెట్టాలి. ‘క్ష’ రాయడానికి నాకు నెల పట్టింది. అది నా బుర్ర తప్పో, మధ్యలో ఉన్న మూడు గజాల తప్పో ఇప్పటికీ తేలలేదు.

బావ సూర్యాపేట మార్కెట్ యార్డులో అటెండరు. యాసంగి వడ్లు, అంటే ఎండాకాలం పంట, వచ్చే రోజుల్లో యార్డంతా రాశులే. ఆరబోసుకొని, తేమ తగ్గి, కాంటా మీద తూకం అయ్యేదాకా రైతు రాశి దగ్గరే పడి ఉండాలి. ఆ ఎండలో సద్దిమూట పాచిపోయి, ఎవరన్నా తల పట్టుకొని కూర్చుంటే బావ కంట పడాల్సిందే. ‘తిన్నవా?’ అని ఒకటే అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు, చెయ్యి పట్టుకొని ఇంటికి లాక్కొచ్చేవాడు. రోజుకు ఎనిమిది మంది, ఒక్కోరోజు పదిహేను మంది. పాలకీడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వడ్లు అమ్ముడుపోయాక కూడా మా పప్పుచారు వదల్లేక తొమ్మిది రోజులున్నాడు. పోతూ పోతూ ఉప్పు జర తక్కువ వేయమని చెప్పి పోయాడు. మా అక్క, అంటే బావ భార్య, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

“మీ బావను కూరగాయలు తెమ్మని పంపిస్తే మనుషులను తెస్తడే” అనేది నాతో. “ఏనాడన్నా ఒక వంకాయ తెచ్చిండా? తెచ్చినా ఆ వంకాయ పండించినోన్ని ఎంట తెస్తడు.”

దవాఖానకు దారి తెలియనివాళ్లను వెంటబెట్టుకొని తీసుకుపోవడం, ముసలవ్వల పింఛను కాగితాలు రాయడం, దిక్కులేని శవానికి పాడె కట్టడం, ఇవన్నీ ఆయన పనులే. అట్లని ఇల్లు మరిచిన మనిషి కాదు. సాయంత్రం బజ్జీల పొట్లం లేకుండా గడప తొక్కేవాడు కాదు. వాళ్లమ్మ మంచం పట్టిన రెండేళ్లూ ఆమె కాళ్లకు తనే నూనె రాశాడు. హాస్టల్లో ఉన్న కొడుకు ఉత్తరం ఆలస్యమైతే కోదాడ బస్సెక్కి పోయి చూసి వచ్చేవాడు. అక్కను ఏనాడూ ఏమే పోవే అన్నది లేదు. ఇవన్నీ నిజాలే. మైకులో చదవచ్చు.

ఇగ రెండో సంగతి. మా ఇంట్లో ఆడవాళ్లు చివరన తింటారు. అందులోనూ ఇంటి ఇల్లాలు అందరికన్నా చివర. వచ్చినవాళ్లు, మొగవాళ్లు, సెలవులకు వస్తే పిల్లవాడు, అత్తమ్మ, ఆ తర్వాత నేను, అందరి తర్వాత అక్క. నేను గిన్నెలు తోముతుంటే ఆమె వంటింట్లో పీట వేసుకొని ఒక్కతే కూర్చునేది. ఆమె తిన్నదో లేదో చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకనాడు బర్రెకు కుడితి కలపబోతే బకెట్లో కూర కలిపిన అన్నం కనిపించింది, ముద్దలు ముద్దలుగా. మరునాడూ అంతే. మూడో రోజు నిలదీస్తే అక్క గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది. మూడు నెలలుగా ముద్ద దిగడం లేదు. గంజి, మజ్జిగ తప్ప ఏదీ పోవడం లేదు. చీర కుచ్చిళ్లు ఒకటికి నాలుగు ఎక్కువ పెట్టి ఒంటిని దాచుకుంది.

అక్క పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గరే. తల్లిని చూసి వస్తామని చెప్పి ఇద్దరం బస్సెక్కి అక్కడి డాక్టరు దగ్గరకు పోయాం. ఆయన గొంతులో లైటు వేసి చూసి, నన్ను పక్కకు పిలిచి, ఆలస్యం చేయకుండా భర్తను వెంటబెట్టుకొని హైదరాబాదు పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. ఆ మాట అక్కకూ వినిపించింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, దారి పొడుగునా ఆరబోసిన వడ్లను చూస్తూ నోరు విప్పింది.

“వడ్ల సీజన్ అయిపోనీ.”

“ఏం మాటలే అక్కా? రేపే పోవాలె.”

“ఇప్పుడు చెప్తే ఆయన అన్ని ఇడ్సిపెట్టి నన్ను పట్టుకొని దవాఖానల పొంటి తిరుగుతడు. గా ఎండల పడి ఉన్న మందికి బువ్వెవరు పెడ్తరు? రెండు నెలలే కదా. రెండు నెలలల్ల సస్తనా ఏంది?”

“సస్తే?”

“సస్తే నువ్వు వండుదువు తియ్యి” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నా చెయ్యి తీసి తన నెత్తిన కాదు, హాస్టల్లో ఉన్న కొడుకు నెత్తిన పెట్టించినట్టు గాలిలో పట్టుకొని, “పోరని మీద ఒట్టు. ఎవ్వరికీ చెప్పకు” అంది.

నేను చెప్పలేదు. పిల్లలు లేనిదాన్ని, ఆ ఇంట్లో ఉన్న ఒక్క పిల్లవాడి మీద ఒట్టు దాటడానికి భయపడ్డాను. బావకు ఎదురుపడి మాట్లాడకూడదన్న ఆచారం కూడా అడ్డం వచ్చింది. ఇవన్నీ సాకులే. అరుగు మీద పలక పెట్టినట్టు ఒక్క వాక్యం రాసి పెట్టినా సరిపోయేది. అక్షరాలు వచ్చు, నెల రోజులు కష్టపడి ‘క్ష’ కూడా నేర్చుకున్నాను. రాయలేదు. పొద్దున్నే లేచి బియ్యం కడిగాను.

సీజన్ ఇంకా రెండు వారాలుందనగా, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన ఒక ముసలి రైతు వంటింటి వైపు చూస్తూ నిలబడిపోయాడు. మా వాళ్లలాగే గొర్లు కాసిన మనిషి. అరుగు మీదకు పోయి బావతో అందరి ముందే అన్నాడు.

“ఏమయ్యా, మీ ఇంటామె మేత ముడుతలేదు. కండ్లు గుంతలు పడ్డయి. నువ్వు సూస్తలేవా?”

బావ మొహం నేను తలుపు చాటు నుంచి చూశాను. రెండు వందల గొర్ల మందలో మేత ముట్టని ఒక్క గొర్రెను పొద్దు పొడిచేలోపు పట్టుకునే ఇంట్లో పుట్టిన మనిషి ఆయన. యార్డంతా తిరిగి తిన్నవా అని అడిగినవాడు. లేచి వంటింట్లోకి వచ్చి అక్క ముందు కూర్చొని, “తిన్నవా?” అన్నాడు. అక్క తల దించుకుంది. అంతే.

హైదరాబాదులో డాక్టరు పరీక్షల కాగితాలు చూసి, ఇంత ముదిరేదాకా ఏం చేశారని కోప్పడ్డాడు. కొంచెం ముందు తెస్తే ప్రయత్నం చేసేవాళ్లమన్నాడు. నలభై రోజులు గొట్టంతో పాలు పోశారు. వానలు మొదలయ్యాక అక్క పోయింది. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎవరెవరో టిఫిన్ డబ్బాలతో వచ్చారు. ఉప్పు తక్కువ వేయమన్న పాలకీడు పెద్దమనిషి కూడా వచ్చాడు, పప్పుచారుతో. బావ ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, మళ్లీ విస్తరిలో పెట్టేశాడు.

ఆ తర్వాత కూడా మనుషులను తేవడం మానలేదు. కాని ఒక ఆచారం తెగ్గొట్టాడు. అందరి తిండి అయ్యాక వంటింటి గడప మీద కూర్చొని, నేను తినేదాకా కదిలేవాడు కాదు. పళ్లెం ఖాళీ అయితేనే లేచేవాడు. ఇరవై ఏళ్లు ఆయన కళ్ల ముందు ప్రతి ముద్దా మింగాను. మొదట్లోనే, అక్క పోయిన నెలలో, గడప మీద నుంచి అడిగాడు.

“బిడ్డా, ఆమె తింటలేదని నీకు ఎరుకనా?”

“ఎరుక లేదు బావా” అన్నాను.

బావకు ఎదురుగా నిలబడి నేనన్న మొదటి మాట అదే. ఆయన నమ్మాడు. తప్పంతా తన కళ్లదే అనుకొని, ఆ బరువుతోనే నిరుడు పోయాడు.

కొడుకిచ్చిన కాగితం మీద నేను నలభై మంచి మాటలు రాయలేదు. ఇదంతా రాశాను. వాడు ఫ్లెక్సీ కింద నిలబడి చదివాడు. టీచరు కదా, తొందరగా చదువుతాడు. ఈసారి చాలాసేపు పట్టింది.

“నాయినకు చెప్పనే లేదా?”

“లేదు.”

“ఆయన పోయేటప్పుడన్నా?”

“లేదు బిడ్డా.”

కాగితం మడిచి జేబులో పెట్టుకొని షామియానా వైపు వెళ్లిపోయాడు. మైకులో ఏమీ చదవలేదు. విస్తర్లు వేశారు, వరుస వెంట వరుస లేచింది. వాడు బకెట్ పట్టుకొని ప్రతి మనిషి ముందూ వంగి, అచ్చం వాళ్ల నాయిన గొంతుతో, తిన్నారా, ఇంకొంచెం వెయ్యనా అని అడిగాడు. నా ముందు నుంచి రెండుసార్లు పోయాడు. నన్ను అడగలేదు. కోడలు తెచ్చి పెట్టిన పళ్లెం ముందు పెట్టుకొని కూర్చున్నాను.

ఏడాదికి రెండు చొప్పున వడ్ల సీజన్లు నలభైకి పైగానే వచ్చి పోయాయి. అక్క అడిగిన ఆ రెండు నెలలు మాత్రం నాకు ఇంకా గడవలేదు.