చర్చి శిఖరం దాటే ఆవులు

ఐవిన్‌కి ఒక్కటే జబ్బు. ఒత్తిడితో బిగిసిన గొట్టం ఎక్కడ కనబడినా, అందులో ఎన్ని ఆవులున్నాయో లెక్కపెడతాడు.

ఓడల కార్ఖానాలో గొట్టాలను పరీక్షించే ఇంజనీరు అతను. గొట్టంలోకి ఒత్తిడి ఎక్కించేముందు, అది పగిలితే ఎంత శక్తి బయటపడుతుందో అంచనా కట్టి, జనాన్ని అంత దూరం జరపాలి. దానికి పుస్తకాల్లో చక్కటి కొలతలున్నాయి. గోడల నిండా భద్రత గురించి నినాదాలూ ఉన్నాయి. జనం వాటికిందే చేరి సిగరెట్లు కాలుస్తారు. అందుకని ఐవిన్, ఆ శక్తి ఊరి చర్చి శిఖరం మీదుగా ఎన్ని ఆవుల్ని విసరగలదో చెబుతాడు. చెబుతున్నప్పుడు కళ్ళు అరమోడ్పులవుతాయి. సముద్రపు పాయ మీది పొగమంచులో, మెడగంటలతో తేలిపోతున్న మందను నిజంగానే చూస్తున్నట్టు చెయ్యి మెల్లగా ఊపుతాడు.

"గాలికి బదులు నీళ్ళు నింపితేనో?" అని కొత్తగా చేరిన వెల్డరు సిగ్రున్ ఒకసారి అడిగింది.

"నీళ్ళు అణగవమ్మాయ్, లోపల ఏమీ దాచుకోవు. పగిలినా పిల్లి అటకెక్కినంత. అదే గాలిని కుక్కావా, మందకి మంద!"

ఇంట్లోనూ అంతే. కాఫీ యంత్రం ముందునుంచి భార్యని వెనక్కి లాగి "ఒక కోడిపెట్ట" అంటాడట. "నా కోడిని నేను చూసుకుంటాను, తప్పుకో!" అంటుందట ఆవిడ.

ఆ శరత్కాలంలో సిగ్రున్‌కి ఆవుల మీద ధ్యాస లేదు. తను మొదటిసారి అతుకు వేసిన గొట్టం పరీక్షకు వచ్చింది. అందులో ఇంకొందరి అతుకులూ ఉన్నాయి. ఆ కార్ఖానాలో ఎవరి అతుకు కారితే వాళ్ళ పేరు 'జల్లెడ'. మరొకరిది కారేదాకా అదే పేరు. పదేళ్ళుగా ఆ బిరుదు మోస్తున్నవాడు పాత వెల్డరు ఓడ్‌వర్.

"నా సమాధి మీద చెక్కేలోగా విడిపించు తల్లీ!" అని పొద్దుటినుంచీ ఆమె వెంట తిరుగుతున్నాడు.

ఆ గొట్టం లోపల తడి తగలకూడదు, గాలితోనే పరీక్ష. ఐవిన్ గొట్టాన్ని చూశాడు. సిగ్రున్ మొహం చూశాడు. తర్వాత మంచులోకి చూశాడు.

"ఇరవై."

"ఇరవై ఆవులా?" ఓడ్‌వర్ నోరు తెరిచాడు. "పోయినసారి ఇంతే గొట్టానికి మమ్మల్ని గేటు దగ్గరే ఆపారుగా!"

"అప్పుడు ఎండ. ఈ మంచులో ఆవులకి దారి కనబడదు. ఎక్కడ దిగుతాయో ఏమో!"

అందరూ కొండ వెనక్కి నడిచారు. మంచు మెత్తగా కమ్ముకుంది. అవతలి మేతబీళ్ళనుంచి ఎక్కడో గంట మోగింది. అందరూ తలలెత్తి చూశారు. ఓడ్‌వర్ హెల్మెట్ గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి ఐవిన్ గాలి తగ్గించి, సబ్బునీళ్ళ డబ్బాతో ఒక్కడే గొట్టం దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "కారింది. రేపు మళ్ళీ" అన్నాడు.

"ఎవరిది?" ఓడ్‌వర్ కళ్ళు పండగలా వెలిగాయి.

"గొట్టంది."

కాగితం మీద ఉన్నది ఉన్నట్టే రాశాడు. ఓడ్‌వర్ కాగితాలు చదవడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక సిగ్రున్‌ని పిలిచి చూపించాడు. ఆమె అతుకు మీద సబ్బు బుడగ ఒకటి ముత్యంలా ఉబ్బుతోంది. మిగిలిన గాలి వదిలేశాక ఆమె ఆ అతుకును అరగదీసి మళ్ళీ అతికింది. అతను దీపం పట్టుకున్నాడు. లోహం చల్లారేలోపు ఆమె సుద్దముక్కతో నేలమీద ఏదో లెక్క వేసింది.

"ఐవిన్‌గారూ, మీ లెక్క తప్పు. ఏడే వస్తున్నాయి."

"ఏడే."

"ఏడింటికి గేటు దాకా చాలుగా! కొండ వెనక్కి ఎందుకు తోలారు?"

"గేటు దగ్గర నిలబడితే ఏ అతుకు బుసకొట్టిందో వినబడుతుంది. ఏడు ఆవులు గొట్టానివి. మిగతావి ఓడ్‌వర్ చెవులకి."

సిగ్రున్ తలవంచుకుని సుద్దగీతలు కాలితో చెరిపేసింది. నవ్వు మాత్రం ఆగలేదు.

"మరి రేపెన్ని?"

ఐవిన్ కళ్ళు అరమోడ్పులయ్యాయి.

"పాతిక. వాడికి అనుమానం వచ్చింది."