కుట్టుబడి కేసు, నా నుదుటి బొప్పి

యాభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వకీలుకి అబద్ధం బరువేమిటని నవ్వకండి. ఫీజు తీసుకుని ఆడినవి ఒక్కటీ గుర్తులేవు. ఇది ఉచితంగా ఆడింది. అందుకే కాబోలు ఇంకా అరగలేదు.

పంతొమ్మిదివందల అరవైతొమ్మిది. తెలంగాణ ఉద్యమం జోరుమీదుంది. నేను గుంటూరు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకుని, కొత్తగా నల్లకోటు తొడిగినవాణ్ణి. ఎల్బీనగర్ వైపు మానెమ్మగారని ఒకావిడ పేద ఆడవాళ్లకి కుట్టుపని నేర్పే ట్రస్టు నడిపేవారు. ఆ కుట్టుబడికి ఇల్లు దానమిచ్చిన పెద్దాయన పోగానే, ఆ దానం చెల్లదని ఆయన అల్లుడు దావా వేశాడు. ఇల్లు పోతే కుట్టుబడి లేదు. ఫీజు అడగని వకీలు వాళ్లకి కావాలి. ఎలాంటి కేసైనా సరే నాకు కావాలి.

వాయిదా రోజున బంద్ అన్నారు. బంద్ అయితే కోర్టెక్కడుంటుంది? ఎవరినీ అడగలేదు. మూడు పెసరట్లు తిని పడుకున్నాను. మధ్యాహ్నం పక్కగది గుమాస్తా వచ్చి, జడ్జిగారు నడుచుకుంటూ వచ్చి మరీ కూర్చున్నారనీ, మా తరఫున ఎవరూ లేరని అల్లుడికే తీర్పిచ్చేశారనీ చెప్పాడు. ఉలిక్కిపడి పరిగెత్తాను. గుమ్మం పొట్టిది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది.

నిజం చెప్పేద్దామనే మానెమ్మగారి దగ్గరికి వెళ్లాను, ఒట్టు. నోరు తెరిచేలోపే ఆవిడ బొప్పి చూశారు.

“అయ్యో వకీల్ సాబ్! రాళ్లతోని కొట్టిన్రా?”

“బయట పరిస్థితి బాలేదు కదండీ,” అన్నాను. అబద్ధం కాదు చూడండి. అదీ నా తెలివి.

ఆవిడ కొడుకు యాకోబు వైపు తిరిగారు. కాలేజీలో చదువుతూ ఉద్యమం ఊరేగింపుల్లో ముందుండేవాడు.

“గీయన మనకోసం పోతే నీ దోస్తులు తల పగలగొడ్తరా?”

“మేమెవ్వల్ని కొట్టలేదమ్మా.”

“జూటా మాటలు చెప్పకు. నడువ్ బయటికి!”

నేనక్కడే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? భయమా? ఆవిడ నా నుదుటికి పసుపు పట్టించి నాటుకోడి కూర వడ్డిస్తున్నారు. నేను ఆంధ్రావాణ్ణి కనుక నన్ను కొట్టారంటే ఎవరైనా నమ్ముతారని, ఆ ముద్ద నములుతుండగానే నాకు అర్థమైంది.

కోర్టుకి వస్తుంటే దారిలో నన్ను కొట్టారని అఫిడవిట్టు రాసి దేవుడి మీద ప్రమాణం చేశాను. కోర్టు ఆ తీర్పు రద్దు చేసి కేసు మళ్లీ రెండేళ్లపాటు వింది. గెలిచాం. ఇల్లు నిలిచింది. ఆ రెండేళ్లూ యాకోబు బాటసింగారంలో మేనమామ దగ్గరే ఉండిపోయాడు. తల్లి అతనితో మాట్లాడలేదు.

గెలిచిన వారం అతను నా గదికొచ్చాడు. “మావోళ్లల్ల ఎవడన్న కొట్టిండేమో సార్. మాఫ్ చేసిన అని మా అమ్మకు ఒక్క మాట చెప్పుండ్రి.”

వెళ్లాను. గొంతు సవరించుకుని, “క్షమించానమ్మా,” అన్నాను. తల్లీకొడుకులు ఏడ్చారు. నా పెద్దమనసు చూసి నాకూ కళ్లు చెమర్చాయి. సిగ్గు లేకపోతే సరి!

మానెమ్మగారు పోయారు. ట్రస్టు అధ్యక్షుడు ఇప్పుడు యాకోబే. ఎక్కడ కనిపించినా నాకు దణ్ణం పెడతాడు. అతనికి చెప్పే ధైర్యం ఈ వయసులోనూ రాలేదు, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

నన్నెవరూ కొట్టలేదు యాకోబూ. హమ్మయ్య, రాసేశాను.